అణియం కింద చిల్లుకాణీ

డిసెంబరు 9

మల్లి ఫోన్ చేశాడు. ఎత్తగానే, "అక్కా, అల్యూమినియానికి ఏం రంగు వెయ్యాలి?" అన్నాడు. ఎలా ఉన్నావు లేదు, బావగారి మోకాలు ఎలా ఉంది లేదు. రంగుల కొట్టుకి చేసినట్టే చేశాడు. నిజమే, రంగుల కొట్టే. పెళ్ళయి రాజమండ్రి వచ్చిన దగ్గర్నుంచి మా ఆయన పక్కన కూర్చుని రంగులే అమ్ముతున్నాను. నన్ను కాక ఇంకెవర్ని అడుగుతాడు, నా తమ్ముడు.

మోటారు బోటు కొన్నాడట. కాకినాడలో ఎవరో వాడి వదిలేసింది, పదిమంది పట్టేది. దిండి దగ్గర వశిష్ఠ గోదావరిలో టూరిస్టులను తిప్పుతారట. నడిపేది వాడు కాదు, వాడి కూతురు హరిచందన. హైదరాబాద్ ఉద్యోగం మానేసి వచ్చి, లైసెన్సు కూడా తెచ్చుకుంది. లాంచీ నడిపే మనిషిని మా చిన్నప్పుడు సరంగు అనేవాళ్ళం. మా ఇంట్లో ఆడ సరంగు పుట్టిందన్నమాట!

నాన్నగారి లాంచీ సుభద్ర పోయాక మావాళ్ళకి నీటిమీద తేలేది ఏదీ లేదు. ఫోన్ పెట్టేశాక కొట్టులో చెయ్యి ఆడలేదు. ఈయన "ఏంటి సత్యా, కళ్ళు అలా ఉన్నాయి?" అన్నారు. టర్పెంటైన్ ఘాటు అన్నాను.

డిసెంబరు 12

రాజోలు వెళ్ళి వచ్చాను. బోటు మల్లి కొబ్బరి దింపుల షెడ్డులో ఉంది. కొబ్బరి డొక్కల మధ్య పాపం పెళ్ళిచూపులకి కూర్చోబెట్టిన పిల్లలా ఉంది. పాత రంగు పొలుసులు పొలుసులుగా లేచిపోయింది.

రంగు వేసే అచ్చిబాబు వచ్చాడు. నర్సాపురంలో పడవలకి వేసే ఎర్ర రంగు నీటి భాగానికి వేద్దామన్నాడు. "నాచు దగ్గరికి రాదండి, గుల్లలు పట్టవండి."

"అందులో రాగి ఉంటుంది అచ్చిబాబూ. చెక్క పడవకి అది బంగారం, అల్యూమినియానికి విషం," అన్నాను. ఉప్పునీళ్ళలో రాగీ అల్యూమినియమూ ఒకదాన్నొకటి తాకితే రాగి దర్జాగా ఉంటుందనీ, అల్యూమినియం పుచ్చిపోతుందనీ చెప్పాను. పాతదంతా గీకించమన్నాను. గీకిన అల్యూమినియం గాలి తగిలితే ఊరుకోదు, కంటికి కనపడని పొర కట్టేస్తుంది. అందుకని గీకిన పూటే ఎపాక్సీ ప్రైమరు పడాలి. నీటిపైన ఎండకి తట్టుకునే పాలీయురెథేన్. నీటికింద రాగి లేని రంగు. ఇనుప రెయిలింగుకి జింకు ఎక్కువున్న ప్రైమరు పూసి, ఆపైన ఎనామిల్.

హరి అంతా ఫోన్‌లో రాసుకుంది. "సూపర్ అత్తయ్యా! ఇక బోటు దగ్గరికి రాగి చెంబు కూడా రానివ్వను," అంది.

అందరూ నా నోటి వంకే చూస్తుంటే బాగుంది. పుట్టింట్లో నేను చెప్పింది విని చాలా కాలమైంది.

డిసెంబరు 13

కాణీ సంగతి ఎవరూ ఎత్తలేదు. మల్లికి గుర్తుండే ఉంటుంది.

డిసెంబరు 22

ఆదివారం. కొట్టు లేదు. సుభద్ర గుర్తొస్తోంది.

ఏడాదికోసారి లాంచీని కొబ్బరి దుంగల మీద దొర్లిస్తూ గట్టుకి లాగేవాళ్ళు. పలకల సందుల్లో పత్తి కూరి, గుగ్గిలం కాచి పోసేవాళ్ళు. ఆపైన చేప నూనె. మాది గుడ్డు కూడా గుమ్మం తొక్కని వైశ్యుల ఇల్లు. ఆ వారమంతా నాన్నగారు చేప నూనె కంపుతో ఇంటికొస్తే అమ్మ పెరట్లోనే నిలబెట్టి బిందెలతో నీళ్ళు గుమ్మరించేది. "చేప నూనె పడకపోతే చెక్క బతకదే" అని నాన్నగారు గజగజ వణుకుతూ చెప్పేవారు. "అయితే చెక్కతోనే కాపురం చెయ్యండి" అనేది అమ్మ. ఇప్పటికీ కొట్టులో ఎవరైనా పాత వార్నిషు డబ్బా మూత తీస్తే నాకు ఆ పెరడే కనిపిస్తుంది.

నాకు ఏడేళ్ళప్పుడు అణియం పలక మార్చారు. అణియం అంటే పడవ ముందు కొస. కొత్త పలక మీద మొదటి పూత పడేముందు ఇంటి ఆడపిల్ల రాగి నాణెం అద్దాలి. చెక్కలో చిన్న గుంట తవ్వి, పసుపు రాసి, చిల్లుకాణీ అందులో నొక్కాలి. పైన లప్పం పెట్టి రంగు వేసేస్తారు, ఇక ఎవరికీ కనిపించదు. ఆడపడుచు చెయ్యి పడని పడవకి నీళ్ళమీద నిలకడ ఉండదని మావాళ్ళ నమ్మకం. ఇతరుల పడవల సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం అంతే.

ఆ రోజు నాకు జ్వరం. పని ఆపేశారు. వడ్రంగులు, కళాసీలు, అంతమంది మగవాళ్ళు సుత్తులు కింద పెట్టి గట్టుమీద చుట్టలు కాల్చుకుంటూ కూర్చున్నారు. మధ్యాహ్నం నాన్నగారు నన్ను దుప్పటి చుట్టి ఎత్తుకుని తీసుకెళ్ళారు. పెద్ద వడ్రంగి "అమ్మాయిగారు వచ్చారాండి?" అని అడిగాడు. "అమ్మాయి వచ్చింది. ఇక కానివ్వండి," అన్నారు నాన్నగారు.

నా పెళ్ళిలో కూడా నా కోసం ఎవరూ అలా ఆగలేదు. ముహూర్తం మించిపోతోందని జడ సగంలో ఉండగానే తరిమారు.

వంతెన వచ్చాక లాంచీ ఎక్కేవాళ్ళు లేక సుభద్రని చెక్క కింద అమ్మేశారు. నాన్నగారు ఆ కాణీని తవ్వించి తీసి, బస్సెక్కి రాజమండ్రి వచ్చి నా చేతిలో పెట్టారు. "నీదేనమ్మా" అన్నారు. మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. అది నా కుంకుమ భరిణెలో ఉంది. మల్లికి తెలుసు.

జనవరి 5

అడిగేశాను. అడక్కుండా ఉండాల్సింది.

"మల్లీ, కాణీ ఎప్పుడు అద్దుదాం?" అన్నాను. మల్లి హరి వైపు చూశాడు. హరి నవ్వుతూనే, "అదేంటి అత్తయ్యా, రాగి దగ్గరికి రానివ్వొద్దని మీరే కదా అన్నారు!" అంది. మల్లి తల గోక్కుని, "పోనీలే అక్కా, ఇదేం చెక్కా? కొబ్బరికాయ కొట్టేద్దాంలే," అన్నాడు.

నా మాటతోనే నా నోరు మూశారు. నేను కూడా "అవునవును, నేనే చెప్పాను కదూ" అని నవ్వాను. పావని కాఫీ ఇచ్చింది. మరదలు పెట్టే కాఫీలో ఏనాడూ లోపం ఉండదు. ఇవాళ మాత్రం చేదుగా ఉంది.

జనవరి 6

హరి చెప్పింది సరైనదే. శాస్త్రం ప్రకారం సరైనదే.

జనవరి 8

పొద్దున్న రాజోలు వెళ్ళాను. గీకడం అయిపోయింది. ఇత్తడి బిందెని చింతపండుతో తోమినట్టు బోటు తళతళలాడుతోంది. భోజనాలు కాగానే ప్రైమరు అన్నారు. అందరూ భోజనానికి లేచారు. ప్రైమరు పాళ్ళు చూసుకుని వస్తాను, మీరు నడవండి అన్నాను.

కుడివైపు, అణియం అడుగున అద్దాను. నాన్నగారు చేయించినట్టే, రేకుకీ కాణీకీ మధ్యలో ఏ పూతా లేకుండా. పైన ఎపాక్సీ లప్పం పెట్టి నున్నగా తీశాను. పసుపు వేలికంటితే చీర కుచ్చిళ్ళకి తుడుచుకున్నాను.

ఎడమవైపు అక్కడే లప్పం కాస్త ఎత్తుగా కనిపించింది. అచ్చిబాబు చెయ్యి ఈమధ్య తిన్నగా ఉండటం లేదు.

హరి చల్లగా ఉండాలనే చేశాను. ఇందులో నాకోసం ఏముంది?

జనవరి 9

నాణెం రంగు కాదు. నేను చెప్పింది రంగు గురించి.

జనవరి 21

బోటు నడుం చుట్టూ ఆకుపచ్చ చార కావాలన్నాడు మల్లి, సుభద్రకి ఉన్నలాంటిది. ఆ ఆకుపచ్చ ఏ షేడు కార్డులోనూ లేదు. నాన్నగారు దాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చారో ఆ భగవంతుడికే తెలియాలి. కొట్టులో కూర్చుని పొద్దుటి నుంచి కలిపాను. ఆకుపచ్చలో నలుపు, చిటికెడు పసుపు, మళ్ళీ తెలుపు. ఈయన వచ్చి చూసి, అరటాకులా ఉంది అన్నారు. కాదు, తడిసిన అరటాకు అన్నాను. సాయంత్రానికి కుదిరింది. ఒక చుక్క గోటిమీద వేసుకుని ఆరనిచ్చాను. కడుక్కోవాలనిపించలేదు.

ఫిబ్రవరి 4

రథసప్తమి. బోటు నీళ్ళలో దిగింది. పేరు సుభద్రే పెట్టారు. అచ్చిబాబు అక్షరాలు బాగా రాశాడు.

మల్లి కొబ్బరికాయ కొట్టాడు. హరి స్టీరింగు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది, వెనక ఎవరో వీడియో తీశారు. నన్నెవరూ ముందుకి పిలవలేదు. నా కోసం ఎవరూ ఆగలేదు. ఆగక్కర్లేదు. నేను అప్పటికే లోపల ఉన్నాను.

తర్వాత ఎక్కి కూర్చున్నాను. ఇంజను అందుకోగానే ముందుభాగం పైకి లేచింది. సుభద్ర ఇలా లేచేది కాదు, నిండు గర్భిణిలా నెమ్మదిగా వెళ్ళేది. గట్టుమీద కొబ్బరిచెట్లు అలాగే ఉన్నాయి. మల్లి నా పక్కన కూర్చున్నాడు. "నాన్నగారు ఉండుంటేనా!" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. వాడికీ వచ్చినట్టుంది, ఎండ అని కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

మార్చి 2

ఎండలు ముదిరాయి. పైనుంచి నీళ్ళు తగ్గి, సముద్రపు ఉప్పు నదిలోకి ఎక్కుతోందట. హరి మామూలుగా చెప్పింది. నేనూ మామూలుగానే విన్నాను.

మార్చి 19

హరి వాట్సాప్‌లో ఫొటో పంపింది. అణియం అడుగున రంగు ఉబ్బింది. రూపాయి బిళ్ళంత. "ఎందుకిలా అయింది అత్తయ్యా?" అని అడిగింది. గీకినప్పుడు నూనె మరక మిగిలిపోయి ఉంటుందని రాశాను.

మార్చి 20

నూనె మరకే అయ్యుంటుంది.

లప్పం గట్టిగానే పెట్టాను. నీళ్ళు లోపలికి వెళ్ళే దారి లేదు.

మార్చి 24

ఇవాళ ప్రాణం లేచొచ్చింది. హరి ఇంకో ఫొటో పంపింది. ఎడమవైపు కూడా అలాగే ఉబ్బింది! ఎడమవైపు నేనేమీ పెట్టలేదు కదా. అంటే తప్పు నా కాణీది కాదు. రంగుదో, లప్పానిదో, అచ్చిబాబుదో. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని ఎన్నిసార్లు చూశానో. ఎడమవైపుది కాస్త పెద్దది కూడా.

సాయంత్రం మార్కండేయస్వామి గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చాను.

మార్చి 29

అచ్చిబాబు ఫోన్ చేశాడు. "అమ్మగారూ, చిన్నమ్మగారు నన్ను ఇంక రావద్దన్నారండి. నేను సరిగ్గా గీకలేదంటున్నారండి. మీరు దగ్గరుండి చూశారు కదండి, మీరు ఒక్క మాట చెప్పండి."

చెప్తాన్లే అన్నాను. చెప్పలేదు.

మల్లికి ఫోన్ చేస్తే, "పోనీ అక్కా, అచ్చిబాబునేం అనొద్దని హరికి నేను చెప్తాలే," అన్నాడు. వెంటనే ఫోన్ పెట్టేశాడు. ఈమధ్య వాడు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నేనిచ్చిన రంగు పాడైందని కోపం కాబోలు. ఆడపడుచు సలహా విన్నందుకు ఇదీ ఫలితం అనుకుంటున్నాడేమో. ఇప్పుడు కాణీ సంగతి కూడా తెలిసిందంటే నన్నిక గుమ్మం తొక్కనిస్తాడా?

ఏప్రిల్ 3

శ్రీరామనవమికి ద్రాక్షారామం నుంచి ఎవరో కుటుంబం వస్తున్నారట. ముసలివాళ్ళు, చంటిపిల్లలు, అంతా కలిపి బోటు నిండా. హరి ఎంత సంబరంగా చెప్పిందో. "రంగు సంగతి ఆ తర్వాత చూద్దాం అత్తయ్యా. కాస్త ఉబ్బితే ఏమవుతుంది?"

ఏమవుతుందో నాకు తెలుసు. నన్ను అడిగింది అందుకే.

"ఏం కాదులే," అన్నాను.

అన్నం సహించలేదు. ఈయన అడిగితే, బోటుకి రంగు ఉబ్బిందట అన్నాను. "అదే మన కొట్టుకొచ్చిన మనిషి అడిగితే ఏం చెప్తావు?" అన్నారు.

"నీళ్ళలోంచి తీసి, గీకి చూడమంటాను."

"మరింకేం?" అని మజ్జిగ కలుపుకున్నారు.

ఎడమవైపు కూడా ఉబ్బింది కదా అని ఆయనతో వాదించాలనిపించింది. ఎడమవైపు సంగతి ఎవరికి కావాలి? కుడివైపు నేనున్నాను. దాని మీద హరి నిలబడి బోటు నడుపుతోంది. నాకు భయమేస్తోంది.

ఏప్రిల్ 4

తెల్లారగానే బస్సెక్కాను. రావులపాలెం దాటే వరకూ హరికి ఏం చెప్పాలో అల్లుకుంటూనే ఉన్నాను. రేవు దగ్గర దిగేసరికి అల్లుకున్నదంతా పోయింది.

"బోటు బయటికి లాగించమ్మా," అన్నాను.

"ఇప్పుడా? ఎల్లుండి ట్రిప్పుంది అత్తయ్యా."

"అందుకే."

నా మొహం చూసి మనుషుల్ని పిలిచి లాగించింది. నేనే అచ్చిబాబుకి ఫోన్ చేసి రమ్మన్నాను. మల్లి కూడా వచ్చాడు, లుంగీ ఎగ్గట్టుకుని ఆయాసపడుతూ. అచ్చిబాబు గీకుడు బ్లేడు పట్టుకుని కుడివైపు ఉబ్బు మీద పెట్టబోయాడు.

"ఆగు. లోపల చిల్లుకాణీ ఉంది. నేనే పెట్టాను," అన్నాను.

అందరూ నా వైపు చూశారు. చిన్నప్పుడు గట్టుమీద చూసినట్టు కాదు.

"అచ్చిబాబు తప్పేమీ లేదు. తెలిసి తెలిసి నేనే పెట్టాను హరీ. మీరు నన్ను వద్దనేసరికి తట్టుకోలేకపోయాను."

అచ్చిబాబు గీకాడు. లప్పం ఊడి వచ్చింది, కింద తడిసిన సున్నంలా తెల్లటి పిండి. పిండి తుడిస్తే గుంట. వేలు పెడితే గోరు దిగింది. ఇంకో నెల తిరిగితే నీళ్ళు లోపలికి వచ్చేవే. కాణీ మాత్రం చెక్కు చెదరలేదు. తోమి పెట్టినట్టు ఎర్రగా మెరుస్తోంది, సిగ్గులేకుండా.

అప్పుడు మల్లి మెల్లిగా, "ఎడమవైపు కూడా గీకు అచ్చిబాబూ. అక్కడా ఉంది," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. హరికీ కాలేదు. "ఏం ఉంది నాన్నా?"

"కాణీ."

వాడు నా వైపు చూడకుండా నేలకేసి చూస్తూ చెప్పాడు. "నీ కాణీ నీ దగ్గర ఉంది కదక్కా. వద్దని నోటితో అనేశాను, మళ్ళీ ఇమ్మని ఏ మొహం పెట్టుకుని అడగను? కోటిపల్లి రేవులో పాత నాణేలు అమ్మేవాడి దగ్గర ఒకటి కొన్నాను. పిల్ల నీళ్ళమీదకి వెళ్తోంది, నీ చెయ్యి పడకుండా ఎలా పంపను? అందుకని నీ పేరు చెప్పుకుని నేనే పెట్టేశాను. 'అక్క పెట్టినట్టే' అనుకుంటూ పెట్టాను."

ఇన్నాళ్ళూ వాడు ఫోన్‌లో నీళ్ళు నమిలింది నా మీద కోపంతో కాదన్నమాట. వాడి గుట్టు వాడికుంది.

హరి వాళ్ళ నాన్ననీ నన్నూ మార్చి మార్చి చూసింది. "ఒకళ్ళు రంగుల కొట్టు, ఒకళ్ళు ఆ కొట్టుకి ఫోన్ చేసి సలహాలడిగే మనిషి. ఇద్దరూ కలిసి నా బోటుకి రెండు కన్నాలు పెట్టారు!" అని, అచ్చిబాబు వైపు తిరిగి, "సారీ అచ్చిబాబుగారూ, మిమ్మల్ని అనవసరంగా అన్నాను," అంది. అచ్చిబాబు "పర్లేదండి, ఈ లప్పం నేను పెట్టింది కాదని నాకు ముందే తెలుసండి," అన్నాడు. పెద్దమనిషి.

ద్రాక్షారామం వాళ్ళకి హరే ఫోన్ చేసి ట్రిప్పు రద్దు చేసింది. తప్పు తనది కాకపోయినా వాళ్ళని పదే పదే క్షమించమంది. అది మాత్రం నేను మర్చిపోలేను.

మల్లీ నేనూ గట్టుమీద కూర్చున్నాం. నేను ఏడ్చాను. వాడు ఈసారి ఎండ అనలేదు.

ఏప్రిల్ 6

నవమి. పానకం చేశాను. రెండు కాణీలూ ఇప్పుడు నా భరిణెలోనే ఉన్నాయి. ఏది నాన్నగారిదో తెలియడం లేదు.

ఏప్రిల్ 17

గుంటలు కోసి కొత్త రేకు వెల్డింగు చేశారట. వెల్డింగు మనిషి, ఈ బోటుకి అడుగున జింకు బిళ్ళ ఉండాలి, ఉన్నది ఎప్పుడో కరిగిపోయినట్టుంది అన్నాడట. అది నాకు తట్టనందుకు సిగ్గేసింది. నీళ్ళలో లోహాన్ని ఏదో ఒకటి తినక తప్పదు. జింకు బిళ్ళ ఉంటే ఆ తినేదేదో దాన్నే తింటుంది, బోటు జోలికి రాదు. రంగులమ్మేవాళ్ళం రంగు దగ్గరే ఆగిపోతాం.

ఏప్రిల్ 20

ఈయన్ని కూడా తీసుకుని వెళ్ళాను. షెడ్డు గుమ్మంలోకి వస్తున్నానో లేదో లోపల్నుంచి మల్లి కేక వినిపించింది.

"అక్క వచ్చిందా? అయితే ఇక కానివ్వండి!"

అచ్చిబాబు, వెల్డింగు మనిషి, హరి, పావని, అందరూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. పొద్దుటి నుంచీ ఎవరూ ఏమీ ముట్టుకోలేదట. నా కోసం ఆగారు.

హరి నా చేతిలో జింకు బిళ్ళ పెట్టింది. అరచేయంత ఉంది, బరువుగా, మబ్బురంగులో. "ఇది మీరే బిగించాలి అత్తయ్యా. పసుపు పక్కన పెట్టండి, దీనికి తగలనివ్వకండి. ప్లీజ్."

బోల్టులు పెట్టి స్పానరుతో బిగించాను. చివరి బోల్టు తిరగకపోతే మల్లి కూడా స్పానరు మీద చెయ్యి వేశాడు. అయిపోగానే అలవాటు కొద్దీ ప్రైమరు బ్రష్షు అందుకోబోయాను. హరి "అత్తయ్యా!" అని అరిచింది. దీనిమీద రంగు పడకూడదు, పడితే పనిచెయ్యదు. నా జన్మలో మొదటిసారి ఒక లోహాన్ని రంగు వెయ్యకుండా వదిలి వచ్చాను.

"ఎన్నాళ్ళుంటుంది ఇది?" అని అడిగాను.

"ఏడాదికోసారి మార్చాలి," అంది హరి. "ఉప్పు ఎక్కువైతే ఇంకా ముందే అరిగిపోతుంది. అరిగినప్పుడల్లా మీరు రావాల్సిందే. మీ చెయ్యి పడకపోతే నాన్న బోటు దించనివ్వరు."

కాణీ అయితే ఒక్కసారే. పడవ ఉన్నంత కాలమూ అదే.

తిరిగి వస్తుంటే బస్సులో ఈయన "ఏంటి, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అన్నారు. ఏమీ లేదన్నాను. రావులపాలెం వంతెన మీద గోదావరికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ బిళ్ళ కాస్త తొందరగా అరిగేట్టు చూడు తల్లీ అని మొక్కుకున్నాను. బోటుకి కూడా మంచిదే.